మూడు శాలువాలు, ఒక్క నానాజీ

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ నానాజీ ఒకప్పుడు కబడ్డీ ఆడి బతికాడు. సరదాకి ఆడటం కాదు, కూలికి ఆడటం. తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, జరిగే పోటీలకి అప్పట్లో ఒక రూలు ఉండేది. ఏ ఊరి జట్టులో ఆ ఊరివాళ్లే ఆడాలి. అంత మంచి రూలు కాబట్టే ఏ ఊరూ దాన్ని పాటించేది కాదు.

మాడుగుల వాళ్లు నానాజీని తీసుకెళ్లి, మీసం పెంచమని చెప్పి, ఒక పెద్దరైతుకి మేనల్లుడని సూర్యనారాయణమూర్తి పేరుతో ఆడించేవారు. పూడిమడక వాళ్లు ఆ మీసం తీయించి ధనరాజ్ అనేవారు. మార్కెట్ షావుకార్లు నుదుట అడ్డంగా విభూతి పూసి, అయ్యప్ప గుప్త అని కూతకి పంపేవారు. కొంత రొక్కం, దాంతోపాటు మాడుగులలో హల్వా, పూడిమడకలో ఎండుచేపలు, మార్కెట్లో బెల్లం దిమ్మ ఇచ్చేవారు. నెగ్గిన కప్పులు మాత్రం ఆ ఊళ్ల పెద్దల షోకేసుల్లోకి పోయాయి. నానాజీకి మోకాలి నొప్పి మిగిలింది.

ఒక ఏడు ఫైనల్లో మాడుగులకీ పూడిమడకకీ పోటీ పడింది. ఇద్దరి దగ్గరా అడ్వాన్సు తీసుకున్న నానాజీ మొదటి సగం మాడుగుల తరఫున ఆడి, కాలు బెణికిందని కేకపెట్టి, మంచం మీద మోయించుకుని గుడారం వెనక్కి వెళ్లాడు. గొరిగిన మీసంతో, పూడిమడక బనియన్‌తో రెండో సగానికి వచ్చాడు. సూర్యనారాయణమూర్తి కూడబెట్టిన పాయింట్లన్నీ ధనరాజ్ తుడిచేశాడు. ఆట అయ్యాక మాడుగుల వాళ్లు ఓడిపోయిన తమ వీరుణ్ణి ఓదార్చడానికి గుడారంలోకి వెళ్తే అక్కడ ఖాళీ మంచమూ, కాస్త మీసమూ కనబడ్డాయి. ఎవరూ గొడవ చేయలేదు. చేస్తే ముందు తమ మేనల్లుడి సంగతి చెప్పాల్సి వచ్చేది.

ఇందులో నవ్వు రాని సంగతి కూడా ఉంది. నానాజీది ఊరికి ఎడంగా ఉండే దళితపేట. ఆట రోజున సూర్యనారాయణమూర్తికి పెద్దరైతు వసారాలో అరిటాకు వేసి వడ్డించేవారు. మీసం తీసేసి అదే ఇంటి చెరకు కొట్టడానికి వెళ్లిన నానాజీకి గుమ్మం బయట టీ గ్లాసు. తాగాక కడిగి బోర్లించాలి. కులం మీసంతోపాటు వచ్చి మీసంతోపాటు పోయే వస్తువని ఆ ఊరి పెద్దలే రుజువు చేసి, ఆ రుజువుని అరిటాకుతోపాటు బయట పారేశారు.

ఇన్ని ఆటల్లోనూ నానాజీ తండ్రి పోలయ్య జనంలో నిలబడి మైకు వినేవాడు. నెగ్గింది సూర్యనారాయణమూర్తి గారనీ, ధనరాజ్ గారనీ చెప్పేవారు. కొడుకు పేరు ఒక్కసారి కూడా వినకుండానే పోయాడు.

ఈ ఏడు వెంకటసాయికృష్ణ అనే కుర్ర బెల్లం వ్యాపారి వెనకటి కబడ్డీ వీరులకి సన్మానం తలపెట్టాడు. ఊరూరా పాత ఫొటోలు అడిగి, ముగ్గురు మేటి ఆటగాళ్లని ఎంచి, మార్కెట్ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. కలాసీలు దాన్ని చూసి, కింద టీ తాగుతున్న నానాజీని చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. ముగ్గురూ ఈడే బాబూ అన్నారు. సాయికృష్ణ నమ్మలేదు. నానాజీని ఒక్కో ఫొటో కింద నిలబెట్టి, మీసం ఉన్న ఫొటో దగ్గర ముక్కు కింద అడ్డంగా వేలు పెట్టమన్నాడు. వేలు పెట్టగానే సాయికృష్ణకి నమ్మక తప్పలేదు.

ఒక్కో వీరుడికి ఒక్కో ఊరి దాత అప్పటికే శాలువా పంపేశాడు. విశాఖపట్నం నుంచి రిటైరైన స్పోర్ట్స్ ఆఫీసరు ముఖ్య అతిథిగా వస్తున్నాడు.

"నానాజీ, మూడుసార్లు ఎక్కి దిగెయ్. ఎవరికీ తెలీదు" అన్నాడు సాయికృష్ణ. ఆ కుర్రాడు అరవై దాటిన మనిషిని నానాజీ అంటాడు, ఫ్లెక్సీ మీద మనిషిని మాత్రం అయ్యప్ప గుప్త గారంటాడు.

"ఎక్కుతాను బాబూ. నాలుగోసారి నా పేరు పిలవాల. నానాజీ గారూ అని, మైకులో."

"నాలుగో శాలువా లేదు."

"శాలువా ఎందుకు బాబూ, ఈ ఉక్కలో? పిలుపు సాలు."

సాయికృష్ణ సరే సరే అన్నాడు. నానాజీ ఇంటికెళ్లి ఆ మాట చెబితే భార్య పైడితల్లి కొట్టిపారేసింది. "ఒక సరే అంటే నమ్ముదును. రెండు సరేలన్నాడు సూడు, ఆడు పిలవడు" అంది. అయినా పనికి దిగింది. సన్మానం రోజున గ్రౌండులో మొదటి వరసలో కూర్చుని, ఒళ్లో కాటిక డబ్బా, విభూతి పొట్లం, తడిగుడ్డ పెట్టుకుంది.

సూర్యనారాయణమూర్తి కాటిక మీసంతో వెళ్లి శాలువా కప్పించుకుని వచ్చాడు. పైడితల్లి శాలువా తీసుకుని మూతి తుడిచింది. ధనరాజ్ నున్నటి మొహంతో వెళ్లాడు. మీ అన్నగారిని ఇప్పుడే సత్కరించామండీ అని ముఖ్య అతిథి ముచ్చటపడ్డాడు. అయ్యప్ప గుప్త విభూతితో వెళ్లేసరికి ఆయన ఆశ్చర్యపోయి, ఈ ప్రాంతపు నీళ్లలోనే ఏదో పోలిక ఉందని మైకులో అన్నాడు. వెనక నిలబడ్డ కలాసీలు తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు.

మూడో శాలువా కప్పడం కాగానే సాయికృష్ణ మైకు అందుకుని, సన్మానం ముగిసింది, భోజనాలకి రండి అన్నాడు. నానాజీ స్టేజీ మీదే నిలబడి అతని వైపు చూశాడు. అతను బిర్యానీ వైపు చూశాడు.

జనం లేవబోతుంటే ముఖ్య అతిథి ఆపాడు. ముగ్గురు వీరులతో కలిసి ఒక ఫొటో కావాలన్నాడు. మూడు కుర్చీలు వేయించాడు. నానాజీ ఒక దాంట్లో కూర్చున్నాడు.

"మిగతా ఇద్దరూ?" అని అడిగాడు ముఖ్య అతిథి.

"బాత్రూమ్‌కి వెళ్లారండీ" అన్నాడు సాయికృష్ణ.

"ఇద్దరూనా?"

"వయసు కదండీ."

వస్తారులే అని ముఖ్య అతిథి తీరిగ్గా నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్ కెమెరా దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. ఎవరైనా వెళ్లి చూడండి, పడిపోయారేమో అని ముఖ్య అతిథి కంగారుపడేసరికి ఇద్దరు వాలంటీర్లు నిజంగానే బాత్రూముల వైపు పరుగెత్తారు. సాయికృష్ణ వంగి నానాజీ చెవిలో, దండం పెడతాను, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమన్నాడు.

"నేనేటి సెప్పను బాబూ, అయ్యప్ప గుప్తని కదా. నానాజీని పిలు, ఆడు సెప్తాడు."

అని లేచి, మోకాలు పట్టుకుని మెట్లు దిగి, పైడితల్లి పక్కన కూర్చుని, విభూతి తుడుచుకున్నాడు. సాయికృష్ణకి దారి లేకపోయింది. మైకు అందుకుని నానాజీ అన్నాడు. నానాజీ కదల్లేదు. గారు అని చేర్చేసరికి మైకు కీచుమంది. నానాజీ మెట్లెక్కి వచ్చి, ముఖ్య అతిథికి నమస్కారం పెట్టాడు.

"ఆ ముగ్గురూ నేనేనండి. కూలికి ఆడేను. పేర్లు ఆళ్లవి, కాళ్లు నాయి."

ముఖ్య అతిథికి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన నవ్వు ఆపుకోలేక ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. మాడుగుల నుంచి వచ్చిన పెద్దరైతు మాత్రం లేచి, మేం శాలువా ఇచ్చింది సూర్యనారాయణమూర్తికి, వీడికి కాదు అన్నాడు. పైడితల్లి అందించిన ఆ శాలువాని నానాజీ నీటుగా మడిచి ఆయన చేతికిచ్చాడు.

"అట్టుకెళ్లండి బాబూ. మీ మేనల్లుడు ఇంటికొత్తే కప్పండి."

పెద్దరైతుకి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పూడిమడక నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, మాది ఉంచుకో బావా, ధనరాజ్ ఎవడో మాకెరికే, అని కేకేశాడు. మార్కెట్ దాత ఏమీ తేల్చుకోలేక భోజనాల వైపు నడిచాడు.

ఇప్పుడైనా ఫొటో తీద్దామని సాయికృష్ణ తొందరపెట్టాడు. నానాజీ తల అడ్డంగా ఊపాడు.

"మైకు కీసుమంది బాబూ. పేరు సగమే ఇనబడింది. మా అయ్య పేరు కలిపి మళ్లీ పిలు."

మళ్లీ మెట్లు దిగి వెళ్లి కూర్చున్నాడు. బిర్యానీ చల్లారుతోంది. సాయికృష్ణ మైకుని ఒకసారి తట్టి, గొంతు సవరించుకుని, పోలయ్య గారి అబ్బాయి నానాజీ గారు అని నిదానంగా పిలిచాడు. పైడితల్లి మోచేత్తో పొడిచింది. నానాజీ వెంటనే లేవలేదు. ఆ మాటని గ్రౌండు చివరి దాకా పోనిచ్చి, అప్పుడు లేచాడు.