అరగని బొటనవేలు

పొద్దున మా హంసలదీవి స్కూలు వరండాలో స్మార్టు కార్డుల క్యాంపు పెట్టారు. ఎండుచేపల వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళకి లోన్లు ఇక ఆ కార్డులోనే పడతాయట. డబ్బు తీయాలంటే కార్డూ, వేలిముద్రా రెండూ ఉండాలి. "మీ డబ్బు మీ చేతిలోనే" అని బ్యానరు కూడా కట్టారు. ఇక్కడి టీచర్ని కాబట్టి కుర్చీలు వేయించింది నేనే.

ముందు నాంచారమ్మ కూర్చుంది. బ్యాంకు తరఫున వచ్చినతను ఆవిడ పది వేళ్ళూ మిషను మీద నొక్కించాడు. ఒక్క ముద్రా పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఊహూఁ.

"వేళ్ళు ఇంతలా అరిగిపోయాయేంటమ్మా?" అన్నాడు విసుగ్గా.

"ఇరవయ్యేళ్ళుగా చేపలకి ఉప్పు రుద్దుతున్నానండీ. మీరు లోనిస్తామంటున్నది ఆ పనికేగా."

"అవన్నీ మిషనుకి తెలీవు. మీ ఆయన్ని రమ్మను, ఆయన వేలు పెడదాం."

ఆ పెద్దమనిషి చేపలవేట మానేసి ఆరేళ్ళయింది. పేకాట మధ్యలో లేచొచ్చి బొటనవేలు ఆనించగానే పచ్చలైటు వెలిగింది. ఇదేం పద్ధతండీ అని నేనడిగితే, "రూల్సు మేడమ్" అన్నాడతను. కార్డు మీద ఫొటో ఆవిడది, లోపల ముద్ర ఆయనది. ఇక నుంచి తన డబ్బుతో తను ఉప్పు బస్తా కొనుక్కోవాలన్నా, నాంచారమ్మ ఆయన ఆట అయ్యేదాకా నిలబడాలి.

మీ ఊళ్ళోనూ ఈ క్యాంపు జరిగి ఉంటే ఎవరి వేళ్ళు పడ్డాయో కింద రాయండి. ఆ మిషను కొనేముందు ఏ ఆఫీసరు వేలితో పరీక్షించారో తెలిస్తే అదీ రాయండి. ఆ వేలు నాకొకసారి చూడాలనుంది.