మనవాడి కుర్చీ

మా సారుకు ఒక్కటే జబ్బు. ఆయన పక్కన ఎప్పుడూ ఇంకో మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎవరికీ కనపడడు. తమాషా ఏమిటంటే, సారుకీ కనపడడు. అయినా అతనికి గదిలో కుర్చీ ఉంది, పొద్దునా సాయంత్రమూ టీ ఉంది, బస్సులో కిటికీ పక్క సీటు ఉంది. పేరు మాత్రం లేదు. సారు అతన్ని "మనవాడు" అంటారు. అందుకని ఆఫీసులో అందరూ సారును "ఇద్దరు సారు" అనేవారు.

"ఇద్దరు సారు వచ్చారా?"

"ఇందాకే వచ్చారు, ఇద్దరూను."

మాది పేటెంట్ ఆఫీసు. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే మాకు దరఖాస్తు పెట్టుకుంటారు. అది నిజంగా కొత్తదో కాదో మా అధికారులు తేలుస్తారు. కొత్తదే అని తేలితే పేటెంట్ వస్తుంది, ఇక కొన్నేళ్ళపాటు వాళ్ళ అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని తయారుచేయకూడదు. మా సారు బ్యాటరీల దరఖాస్తులు చూసేవారు. నేను ఆయన ఉత్తరాలు టైపు చేసేదాన్ని.

చేరిన మొదటిరోజు సంగతి చెబుతాను. కాగితాలు పట్టుకుని గదిలోకి వెళ్ళాను. బల్లకు ఇవతల రెండు కుర్చీలున్నాయి. ఒకదాని నిండా ఫైళ్ళు. రెండోది ఖాళీ. దాంట్లో కూర్చోబోయాను.

"అక్కడ కాదమ్మా! అక్కడ మనవాడున్నాడు!" అని కేక పెట్టారు సారు.

కుర్చీలోకి చూశాను. ఎవరూ లేరు. కుర్చీ కిందకి చూశాను. అక్కడా లేరు. సారు లేచి, తనే వరండాలోకి వెళ్ళి ఒక స్టూలు మోసుకొచ్చి, భుజం మీద తువ్వాలుతో దుమ్ము దులిపి నాకు వేశారు. నేను పల్లెటూరి బడిలో చదువుకున్నదాన్ని. "టైపిస్టుకు కుర్చీ ఎందుకని కాబోలు" అనుకుని మనసు చివుక్కుమంది. దయ్యమేమోనని భయం కూడా వేసింది. రెండూ కలిపి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు ధైర్యం చేసి అడిగాను, "మనవాడంటే ఎవరండీ?"

"చట్టంలో ఉన్నాడమ్మా" అన్నారు సారు తృప్తిగా. "ఒక పనిలో మామూలు నేర్పు ఉన్న మనిషికి ఇట్టే తట్టే విషయానికి పేటెంట్ ఇవ్వకూడదు. ఆ మామూలు మనిషే మనవాడు. తన పని గురించి లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివేశాడు. ఒక్కటీ మర్చిపోడు. కాకపోతే సొంతంగా ఒక్క ఊహా రాదు, పాపం."

"అలాంటివాళ్ళు మా బంధువుల్లో నలుగురున్నారండి."

"తొందరపడకమ్మా. ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్నాను. నాకింకా ఒక్కడూ దొరకలేదు."

ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే పన్నెండేళ్ళ ఆశ్చర్యం తప్పేది.

రోజూ రెండు టీలు పెట్టాలి. ఒకటి సారు ముందు, ఒకటి ఖాళీ కుర్చీ ముందు. సారు తన టీ తాగుతూ ఫైలు చదివి, మధ్యలో తలెత్తి "ఏమోయ్, నీకు తట్టేదేనా ఇది?" అని కుర్చీని అడిగేవారు. కాసేపు ఆగేవారు. తర్వాత "మనవాడు టీ వద్దంటున్నాడు" అని రెండో కప్పు కూడా ఆయనే తాగేసేవారు. నేను నవ్వలేకపోయేదాన్ని. పొద్దున్నే దీపం పెట్టి కనపడనివాడితో మాట్లాడటం నాకూ అలవాటే. కాకపోతే మావాడు భగవంతుడు, ఆయనవాడు మామూలువాడు.

ఆ కుర్చీ విషయంలో మాత్రం సారు ఎవర్నీ ఖాతరు చేసేవారు కాదు. ఒకసారి పై అధికారి తనిఖీకి వచ్చి దర్జాగా అందులో కూర్చోబోయాడు.

"అయ్యా, అది మామూలు మనిషి కుర్చీ!"

పై అధికారి సగం వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. కూర్చుంటే మామూలు మనిషి అయిపోతాడు, కూర్చోకపోతే నడుం పట్టేస్తుంది. చివరికి తనిఖీ అంతా నిలబడే చేశాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఎందుకో బాగా సంతోషంగా వెళ్ళాడు. పైవాళ్ళ సంగతి సరే, గదులు ఊడ్చే ముసలమ్మ ఒకరోజు కాళ్ళు లాగుతున్నాయని ఆ కుర్చీ అంచున ఆనుకుంటే, ఆవిణ్ణీ లేపేశారు. నేను ముక్కున వేలేసుకున్నాను. ఇంత మెత్తటి మనిషికి ఇదేం మొండితనమమ్మా అనుకున్నాను. ఆవిణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, తను కిటికీ దగ్గర నిలబడి ఫైలు చదువుకున్నారన్నది నా కంటికి ఆనలేదు. మనిషి కళ్ళు అంతే, లేపింది చూస్తాయి, కూర్చోబెట్టింది చూడవు.

ఇంట్లో కూడా ఇదే తంతట. సారు భార్యను నేను అక్కయ్యగారు అంటాను. ఆవిడే చెప్పారు.

"కూరలో ఉప్పెక్కువైందని నీళ్ళు పోశానమ్మా. 'ఇది మనవాడికీ తట్టేదే' అన్నారు."

"మీరేమన్నారు?"

"అయితే ఆ మనవాణ్ణే రమ్మనండి, గిన్నెలు తోముతాడు అన్నాను. మొన్న డాక్టరు దగ్గర ఇంకా అన్యాయం. తీపి తగ్గించండి, రోజూ నడవండి అని డాక్టరు చెబితే 'ఇది మనవాడు కూడా చెబుతాడు' అన్నారు. డాక్టరుకు ఒళ్ళు మండింది. 'ఎవరండీ ఆయన? ఏం చదివాడు?' అన్నాడు. 'అన్నీ చదివాడు' అన్నారు ఈయన. 'ఎక్కడ కూర్చుంటాడు?' 'నా గదిలోనే.' 'అయితే అక్కడికే వెళ్ళండి!' అని చీటీ చేతిలో పెట్టి పంపేశాడమ్మా!"

ఇలా రోజుకో విడ్డూరంతో గడిచిపోతుండగా బ్యాటరీ చుట్ట కేసు వచ్చింది.

బ్యాటరీ విప్పితే లోపల ఉండేది ఒక చుట్ట. కాగితమంత పల్చటి లోహపు రేకులు రెండు, వాటికి రెండువైపులా నల్లటి పూత, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పొర. అన్నీ కలిపి చాప చుట్టినట్టు చుట్టేస్తారు. చుట్ట నడిమధ్యన మొదటి మలుపు ఉంటుందే, గొడవంతా అక్కడే. అది మరీ ఇరుకు. అక్కడ పూత పగిలి రాలుతుంది. రాలితే బ్యాటరీ వేడెక్కుతుంది.

ఈ జబ్బుకు మందు కనిపెట్టానని ఒకావిడ దరఖాస్తు పెట్టింది. ఒకప్పుడు పెద్ద కంపెనీలో రేకులు చుట్టే యంత్రం దగ్గర పనిచేసింది. అది మానేసి ఒక హాస్టల్లో పరుపులు ఎండేసి చుట్టే పనిలో ఉండగా ఈ ఆలోచన వచ్చిందట. ఇప్పుడు చెల్లెలితో కలిసి ఒక రేకుల షెడ్డులో చేతిదీపాలకు బ్యాటరీలు చేస్తోంది. ఆఫీసులో అందరం పరుపుల అక్క అనేవాళ్ళం. ఆ పాత కంపెనీయే ఇప్పుడు అడ్డం తిరిగింది. ఇందులో కొత్తేమీ లేదు, ఎవరికైనా తట్టేదే, పేటెంట్ ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టింది. పేటెంట్ రాకపోతే కంపెనీ మర్నాటి నుంచే ఆ చుట్ట చుట్టి ఊరంతా అమ్ముతుంది. అక్క షెడ్డుకు తాళమే.

విచారణ రోజు కంపెనీ వకీలు మూడు సంచుల కాగితాలతో వచ్చాడు. అక్క ఒక చిన్న డబ్బాతో వచ్చింది. ఖాళీ కుర్చీని అలాగే ఉంచి, వాళ్ళిద్దరికీ వేరే కుర్చీలు వేయించారు సారు. నేను మూలన స్టూలు మీద కూర్చుని రాసుకుంటున్నాను.

"మీరు కనిపెట్టిందేమిటో చెప్పమ్మా" అన్నారు సారు.

"పరుపు చుడితే లోపలికి తిరిగే వైపు ముడతలు పడుతుందండి, బయటివైపు సాగుతుంది. రేకూ అంతే కదా అనిపించింది. అందుకని లోపలికి తిరిగే వైపు పూత బాగా పల్చగా మొదలుపెట్టి, మూడు చుట్లు తిరిగేసరికి మామూలు మందానికి తెస్తానండి. బయటివైపు పూత మాత్రం ముట్టుకోను. పగలడం లేదండి."

"ఇంతేనా?" అన్నాడు వకీలు.

"ఇంతేనండి."

"చాలా సులువుగా ఉందే!"

"అవునండి. నాక్కూడా సులువుగానే తట్టింది" అంది అక్క, మర్యాదగా.

అయ్యో తల్లీ, నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావా! ఎదుటివాడు సులువంటే అవునండీ అని తల ఊపడం మా ఊళ్ళో మర్యాద. ఇక్కడ ఆ ఒక్క మర్యాదతో కేసు పోతుంది.

వకీలు ముఖం వెలిగిపోయింది. "రాసుకోండి! సులువని ఆవిడే ఒప్పుకుంది!"

"రాసుకో" అన్నారు సారు నాతో. దేవుణ్ణి తలుచుకుని రాశాను.

"సరే వకీలుగారూ, ఇది మనవాడికి తడుతుందని మీరంటున్నారు. ఆ ముక్క మనవాడికే చెప్పండి."

వకీలు పాతకాపే, సారు సంగతి తెలిసినవాడే. లేచి, కోటు సర్దుకుని, ఖాళీ కుర్చీ వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "అయ్యా, మీరు చదవనిది లేదు. ఇదిగో మొదటి కాగితం. చుట్ట మధ్యలో రెండువైపులా పూత పల్చన చేయమంటోంది. రెండోది, మొదటి చుట్టు పూత లేకుండా వదిలేయమంటోంది. మూడోది..." అని గొంతు సవరించుకున్నాడు, "తివాచీలు చుట్టే విధానం. లోపలివైపు ముడత పడుతుందని స్పష్టంగా ఉంది. మూడూ కలిపితే ఆవిడ చుట్ట కాక ఇంకేముంది? మీరే చెప్పండి!"

అంత పెద్ద వకీలు కుర్చీని బతిమాలుతుంటే నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను. నాకు కూడా ఆ కుర్చీ ఏదో ఆలోచిస్తున్నట్టే కనిపించింది.

"మనవాడు ఒకటి అడుగుతున్నాడు" అన్నారు సారు. "తను బ్యాటరీల మనిషి. తివాచీల పుస్తకం ఎందుకు తెరుస్తాడు?"

"అన్నీ చదివాడన్నారుగా!"

"తన పనిలోవి అన్నీ. వకీలుగారూ, మీ కంపెనీలో ఇంజనీర్లు ఎంతమంది?"

"నాలుగు వందల మంది" అన్నాడు వకీలు, ఛాతీ విరుచుకుని.

"పదేళ్ళుగా ఈ పగులు తగ్గడం లేదని మీ కాగితమే చెబుతోంది. ఇంత సులువైనది నాలుగు వందల మందిలో ఒక్కరికీ తట్టలేదేం?"

వకీలు కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు. చివరికి "కానీ, సులువని ఆవిడే అందిగా!" అన్నాడు.

"తనకు సులువని అంది. ఆవిణ్ణీ మనవాణ్ణీ ఒకే గాటన కడతారేమిటండీ? చెప్పాక అర్థం కావడం వేరు, చెప్పకముందే తట్టడం వేరు. మనవాడు మీ మొదటి రెండు కాగితాలూ ఎప్పుడో చదివాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ కుర్చీలోనే ఉన్నాడు. లోపలివైపు వేరు, బయటివైపు వేరు అన్న ముక్క ఒక్కనాడూ నాతో అనలేదు. టీలు మాత్రం అయిపోయాయి." ఫైలు మూసేశారు. "అభ్యంతరం కొట్టేస్తున్నాను. పేటెంట్ ఇస్తున్నాను. అమ్మా, నువ్వు టైపు చెయ్యి."

వకీలు సంచులు సర్దుకుని, అలవాటుగా కుర్చీకి కూడా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అక్క లేచి దణ్ణం పెట్టబోయింది. పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. తూలి, ఎదురుగా ఉన్న మనవాడి కుర్చీని పట్టుకుని అందులో కూలబడబోయింది.

"అక్కడ కాదు!" అని కేక పెట్టారు సారు.

ఇప్పుడా సార్! మనిషి పడిపోతుంటే కూడానా!

సారు ఒక్క అంగలో బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిణ్ణి మోచెయ్యి దగ్గర పట్టుకున్నారు. "అది మామూలువాడి కుర్చీ తల్లీ. అందులో కూర్చోడానికి నీకు అర్హత లేదు. వాడికి ఇరవయ్యేళ్ళలో తట్టనిది నీకు పరుపు చుడుతుంటే తట్టింది. రా, ఇక్కడ కూర్చో." అంటూ తీసుకెళ్ళి తన కుర్చీలో, కిర్రుమనే ఆ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. "అమ్మాయ్, మనవాడి టీ ఆవిడకియ్యి. ఓడిపోయాడుగా, ఇవాళ వాడికి టీ లేదు."

అక్క టీ తాగుతూ ఏడుపూ నవ్వూ కానట్టు నవ్వింది. నేను మాత్రం స్టూలు మీద కదలకుండా కూర్చుండిపోయాను. పన్నెండేళ్ళ కిందటి స్టూలే అది. ఊడ్చే ముసలమ్మ, పై అధికారి, నేను, ఒక్కొక్కరమే గుర్తొచ్చాం. సారు ఎవర్నీ ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు. ఎందుకంటే ఆ గదిలోకి వచ్చినవాళ్ళలో మామూలు మనిషి అనదగ్గవాడు ఆయనకు ఒక్కడూ కనపడలేదు. నేను అవమానం అనుకుని అన్నం మానేసిన రోజున, నాకు జరిగింది సన్మానమన్నమాట!

అక్క వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను, "సార్, ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదా?"

"ఎందుకు కూర్చోలేదు? నేను రోజూ కూర్చుంటాను."

"మీరా!"

"తీర్పు రాసేముందు తలుపు వేసుకుని కాసేపు అందులో కూర్చుంటానమ్మా. లేకపోతే మనవాడికి ఏం తడుతుందో, ఏం తట్టదో నాకెలా తెలుస్తుంది? నాకు బాగా సరిపోతుంది ఆ కుర్చీ. కాస్త నడుం నొప్పి, అంతే."

మర్నాడు ఎప్పటిలాగే రెండు టీలు పెట్టాను. మనవాడి కుర్చీలో ఒక మెత్తటి దిండు వేశాను. అతని కప్పులో పంచదార మాత్రం పూర్తిగా మానేశాను.

సారు రెండో కప్పు గుటక వేసి, ముఖం చిట్లించి, కుర్చీ వైపు జాలిగా చూశారు.

"ఏమోయ్, నీకూ డాక్టరు చెప్పాడా?"