శౌరమ్మ మాట్లాడని పూట

విజయవాడ వన్ టౌన్‌లో మిర్చి గోడౌన్ మెట్ల పక్కన శౌరమ్మ జామకాయలు అమ్మేది. కాయ కొన్నవాళ్లకు ఉప్పూకారంతో పాటు ఊళ్లో కబుర్లన్నీ ఉచితం. ఆవిడ ఊపిరి తీసుకునే సందులోనే బేరమాడాలని హమాలీలు నవ్వుకునేవారు.

డెబ్బై ఎనిమిది చలికాలంలో ఆ గోడౌన్‌లో కొన్ని బస్తాలు కనిపించలేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. కానిస్టేబుల్ వచ్చి శౌరమ్మను స్టేషన్‌కు రమ్మన్నాడు.

ఎందుకో ఆమెకు తెలుసు. గుమాస్తా హనుమయ్య భోజనానికి వెళ్తూ తాళంచెవి ఆమెకే ఇచ్చి వెళ్లేవాడు. వీధి చివరి ప్లీడరు రాజ్యలక్ష్మి గారికి కబురంపి, కానిస్టేబుల్ వెంట నడిచింది. రోజూ కాయలు కొనే ఆ ప్లీడరమ్మ ఒకసారి చెప్పిన మాట ఆమెకు గుర్తుంది: "పోలీసులు అడిగితే పేరూ ఊరూ చెప్పు. మిగతాది నేను పక్కనుండగా మాట్లాడదాం. అబద్ధం మాత్రం ఆడకు."

ఎస్సై ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"తాళంచెవి ఎవరెవరి చేతుల్లోకి వెళ్లేదో నీకు తెలుసంటగా?"

"నా పేరు శౌరమ్మండి. మాది మైలవరమండి. మిగతాది మా ప్లీడరమ్మగారు వచ్చాక చెప్తానండి."

"తప్పు చెయ్యనోళ్లకి ప్లీడరెందుకమ్మా?"

దానికి పది జవాబులు ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నింటినీ టీతో కలిపి మింగేసింది. ఆమెను ఎరిగిన హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగోలేదేమోనని ఆమె ముఖంలోకి చూసిపోయాడు.

రాజ్యలక్ష్మి గారు వచ్చారు.

"ఈమె ముద్దాయా అండీ, సాక్షా?"

"ఊరికే అడుగుదామని పిలిపించామండి."

"సాక్షయితే, ఆడమనిషిని ఇంటి దగ్గరే అడగాలి కదండీ."

ఎస్సై తల గోక్కున్నాడు. "సరేలెండి. వచ్చారు కాబట్టి, మీ ముందే చెప్పమనండి."

రాజ్యలక్ష్మి గారు పక్కన కూర్చున్నాక శౌరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తాళంచెవి తీసుకున్నదీ, తలుపు తెరవకుండా హమాలీల ఎదుటే తిరిగి ఇచ్చిందీ అంతా రాసుకున్నారు. హనుమయ్య వచ్చి నిజమేనన్నాడు. సాయంత్రానికి అసలు సంగతి తేలింది. గోడౌన్ షావుకారు తమ్ముడే రెండో తాళంచెవితో తెరిచి, బస్తాలను ఉయ్యూరులోని తమ కొట్టుకు తోలించి, అన్నతో చెప్పడం మరిచాడట.

ఆదివారం హమాలీల భార్యలు రాజ్యలక్ష్మి గారి అరుగు మీద చేరారు.

"మా ఆయన్ని తీసుకెళ్లినా వస్తారాండీ?" అని బుల్లెమ్మ అడిగింది.

"వస్తాను. నేను వచ్చేలోగా కంగారుపడి ఏదీ ఒప్పుకోవద్దని చెప్పు."

"దానికేం భయం లేదండి. పెళ్లయిన కాడ్నించీ అడుగుతున్నా, నా దగ్గరే ఒక్క తప్పూ ఒప్పుకోలేదండి ఆయన."

అరుగంతా నవ్వులతో నిండిపోయింది.