గుండీ వాళ్ళ అమ్మ

ఆమెను వీధిలో అందరూ కర్టెన్లక్క అనేవారు. ముందుగదిలో కాలితో తొక్కే కుట్టుమిషను, గోడకు చేరగిలేసి నిలబెట్టిన గుడ్డ తానులు, మెడలో ఎప్పుడూ కొలత టేపు. చుట్టుపక్కల ఏ ఇంటి కిటికీ ఎంత వెడల్పో ఆమెకు కంఠతా వచ్చు. యాభై దాటాయి. పిల్లల్లేరు. భర్త సిటీ బస్సు నడిపేవాడు.

ఒక సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వస్తూ యూనిఫాం చొక్కా లోపల ఏదో దాచుకొచ్చాడు. "పొద్దున నా చొక్కాకి గుండీ ఊడిందని సణిగావుగా, ఇదిగో తెచ్చా" అంటూ అరచేతిలో పట్టేంత తెల్ల కుక్కపిల్లను తీసి మిషను బల్ల మీద పెట్టాడు. పెద్దయినా పిల్లి కంటే ఎత్తు పెరగని పొట్టి జాతి. దానికి వేరే పేరు వెతకాల్సిన పని లేకపోయింది.

ఏడాదిన్నర తిరక్కుండానే ఆయన పోయాడు. ఆఖరి ట్రిప్పు ముగించి, బస్సును దాని చోట నిలిపి, తాళం అప్పజెప్పి, డిపోలో బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో రెండో ప్రాణి అంటూ ఉంటే అది గుండీయే. మిషను నడుస్తున్నంతసేపూ ఆమె కాళ్ళ దగ్గర పడుకునేది, మిషను ఆగితే తలెత్తి చూసేది. కర్టెన్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు గుడ్డ చూడ్డం మానేసి దాన్ని ఎత్తుకునేవారు. "దీనికి పిల్లలు పుడితే నాకొకటి దాచిపెట్టక్కా" అనేవారు. మొదట్లో నవ్వి ఊరుకునేది. గుండీకి మూడేళ్ళు నిండేసరికి ఆ మాట ఆమె మనసులో ఇల్లు కట్టుకుంది. ఇలాంటి కుక్కలు ఎన్నేళ్ళు బతుకుతాయి? పన్నెండు, మహా అయితే పద్నాలుగు. ఆ తర్వాత? ఆయన చేత్తో తెచ్చింది ఏదీ ఇంట్లో మిగలదు. గుండీకో పిల్ల, ఆ పిల్లకో పిల్ల పుడితే ఆయన తెచ్చింది సాగుతూనే ఉంటుంది కదా అనిపించింది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి తప్ప. ఆ చెల్లెలు మాట వింటే చాలు, పని మొదలుపెట్టేసే మనిషి. వారం తిరిగేసరికి తన ఆఫీసులో ఇద్దరికి పిల్లల్ని ఇస్తానని ఒప్పేసుకుంది, మగకుక్క ఉన్న ఇల్లు కూడా వెతికిపెట్టింది.

"పెళ్ళిచూపులు నువ్వే కుదిర్చేస్తే ఎలాగే? పిల్ల తరపు మనిషిని నేనిక్కడ ఉన్నానుగా" అంది కర్టెన్లక్క. ఏ పనైనా కొలత తీయనిదే కత్తెర పట్టే అలవాటు ఆమెకు లేదు. గుండీని సంచిలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ గుండీ వెనక కాళ్ళు రెండూ వేళ్ళతో మెల్లగా వంచి చూసింది. ఎడమ కాలి దగ్గర ఆగిపోయింది.

"నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తేసి, మూడు కాళ్ళ మీద గెంతుతుందా ఎప్పుడైనా?"

"అయ్యో, అది దాని డాన్సండీ! మా ఆయన పాట పెట్టి మరీ గెంతించేవాడు."

"డాన్సు కాదమ్మా. మోకాలి చిప్ప పక్కకి జారుతోంది. అది మళ్ళీ చోటుకొచ్చేదాకా కాలు కింద పెట్టలేదు. నొప్పిగా ఉంటుంది."

ఆ గెంతు చూసి ఆమె, ఆయన ఇద్దరూ చప్పట్లు కొట్టి నవ్విన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి.

"దీనికి పిల్లలు పుట్టించకూడదా అయితే?"

"దెబ్బ తగిలి వచ్చిందో, పుట్టుకతో వచ్చిందో తెలియాలి. దీని తల్లిని చూశారా? చూడండి. తల్లి మోకాళ్ళు, గుండె ఎలా ఉన్నాయో తెలియకుండా ఈ పనికి దిగొద్దు. ఇంత చిన్న ఒంట్లో పిల్ల అడ్డం తిరిగితే ఆపరేషనే, ఇది కూడా దక్కకపోవచ్చు. ఇంకో మాట. మీ ఇంట పుట్టిన పిల్ల ఎవరింటికి వెళ్ళినా, పదేళ్ళ తర్వాత వాళ్ళు వద్దంటే మళ్ళీ మీరే తెచ్చుకోవాలి. తెచ్చుకోగలరా?"

"తెచ్చుకుంటాను" అంది ఆమె తడుముకోకుండా. ఆ మాటలన్నీ కొలతల పుస్తకంలో, ఎవరివో కిటికీల లెక్కల కింద, రాసుకుంది.

భర్త కుక్కపిల్లను కొన్నచోటు ఆయన స్నేహితుడైన కండక్టరు చెప్పాడు. రెండు బస్సులు మారి వెళ్ళింది. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డు. తలుపు తీయగానే వాసన ముక్కులో గుచ్చుకుంది. ఒకదాని మీద ఒకటిగా పేర్చిన ఇనప బోనులు. ఒక్క కుక్కా మొరగలేదు. దానికే ఆమెకు ముందు భయం వేసింది.

షెడ్డాయన కసిరే మనిషేం కాదు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. గుండీ తల్లి ఎక్కడుందంటే కింద వరసలో చివరి బోను చూపించాడు. అందులో పసుపు తిరిగిన బొచ్చుతో, వంకర తిరిగిన గోళ్ళతో ఒక ముడుచుకున్న మూట. పొట్ట కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. ఏడేళ్ళట. నోట్లో పళ్ళు లేవు.

"ఎన్ని ఈతలు?" అని అడిగింది.

"గుర్తులేదమ్మా, ఏడో ఎనిమిదో. ఇంక ఈనదు. మొన్నటిసారి అన్నీ చచ్చే పుట్టాయి."

ఆమె కొంగుతో ముక్కు మూసుకోబోయి, మానేసింది. "నాకివ్వండి."

"దీన్నా! ఏం చేసుకుంటారు?" అన్నాడాయన నిజంగానే ఆశ్చర్యపోయి. "సరే, తీసుకెళ్ళండి."

బస్సులో ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు తిప్పుకుంటుంటే, దాని చెవిలో మెల్లగా అంది: "మీ పిల్ల మా ఇంటికొచ్చింది. అంటే మనం వియ్యపురాళ్ళం. భయపడకు వదినా." అప్పట్నుంచీ దాని పేరు వదినే.

గుండీ తల్లిని గుర్తుపట్టలేదు. ఒకసారి వాసన చూసి, గుర్రుమని, మిషను కిందికి పోయింది. డాక్టరమ్మ వచ్చి చూసింది. రెండు మోకాళ్ళూ జారేవే, గుండె ఉబ్బి ఉంది. "ఇది పుట్టుకతో వచ్చిందే" అని మాత్రం అంది. అప్పటికీ ఆమె మనసు ఒప్పుకోలేదు. మంచి మగకుక్కను చూస్తే, ఒక్కసారికైతే, అని లోలోపల బేరాలాడుతూనే ఉంది.

వదిన గదిలో ఒక మూల దాటి వచ్చేది కాదు. నాలుగడుగులు వేసి, ఎదుట ఏదో ఉన్నట్టు ఆగి, వెనక్కి తిరిగేది. కర్టెన్లక్క ఊరుకోలేక టేపు తీసి కొలిచింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. బోను కొలతే. గది అంతా ఖాళీగా ఉన్నా దాని చుట్టూ బోను అలాగే ఉంది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం చూస్తే, కత్తిరించగా కిందపడ్డ గుడ్డముక్కల్ని వదిన ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మూలకు మోస్తోంది. ఆడుకుంటోందేమో, ఇన్నాళ్ళకు ధైర్యం వచ్చిందేమో అని మురిసిపోయింది. వదిన వాటిని పొట్ట దగ్గరికి తోసుకుని, చుట్టూ ముడుచుకుని పడుకుంది. ఒక్కో ముక్కనూ నాకింది. సాయంత్రం ఊడుస్తూ ఒక ముక్క తీయబోతే, ఎప్పుడూ నోరెత్తనిది, సన్నగా కూసింది. కరవలేదు. చేతివంక చూస్తూ కూసింది, అంతే. ఎన్ని చేతులు వచ్చి ఎన్నింటిని తీసుకెళ్ళాయో. ఆ చేతుల్లో ఒకటి తన భర్తది. ఆ సంగతి తట్టగానే ఆమె చీపురు పక్కనపెట్టి, ఆ ముక్కను మళ్ళీ దాని పొట్ట దగ్గరికి జరిపింది.

ఆ ఆదివారం చెల్లెలు వచ్చింది. "మగకుక్కవాళ్ళు రమ్మంటున్నారక్కా, ఎప్పుడు తీసుకెళ్దాం?"

"తీసుకెళ్ళట్లేదే."

"అదేంటి! మా ఆఫీసులో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? వదిన సంగతి వేరు. గుండీని నువ్వు మహారాణిలా చూసుకుంటావు."

"నేను చూసుకుంటా. ఎంత చూసుకున్నా దాని మోకాళ్ళు మారవు కదే. పుట్టినవి మూడుకాళ్ళ మీద గెంతుతుంటే ఎవరో చప్పట్లు కొడతారు."

చెల్లెలు గుండీని ఒళ్ళోకి తీసుకుని అంది: "బావ తెచ్చింది ఇక్కడితో ఆగిపోతుందక్కా."

"అందుకే కదే ఇన్నాళ్ళూ తేల్చుకోలేకపోయాను" అని, ఇంక ఏడుపు ఆపుకోలేకపోయింది. భర్త పోయిన రోజు కూడా అక్క అంత గట్టిగా ఏడవడం చెల్లెలు చూడలేదు. ఒక చేత్తో అక్కను పట్టుకుని, ఆఫీసువాళ్ళకు తనే చెప్పుకుంటానంది.

గుండీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయింది. వదిన ఇంకో నాలుగు నెలలు బతికింది. చివర్లో ఒకరోజు మూల దాటి, గదికి అడ్డంగా నడిచి వచ్చి, మిషను తొక్కే పలక మీద పడుకుంది. కర్టెన్లక్క దాన్ని కదపలేదు. ఆ రోజు పని సూదితో చేత్తోనే కుట్టింది. ఆ వారంలోనే, ఎండ పడే గడప దగ్గర, పక్కన గుండీ నిద్రపోతుండగా వదిన పోయింది.

తర్వాత కొన్నాళ్ళకు షెడ్డాయన ఫోను చేశాడు. "అమ్మా, ఇంకొకదానికి ఈతలు అయిపోయాయి. తీసుకెళ్తారా?"

వెళ్ళి తెచ్చుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. మూడోసారి ఫోనులో ఆయన, "మీరుండబట్టి నాకు సులువుగా ఉందమ్మా. ఖాళీ అయిన బోనులో కొత్తది పెట్టుకుంటున్నా" అన్నాడు కృతజ్ఞతగా. మర్నాడు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, తన చేతిరాతతో, బోనుల కొలతలతో సహా ఫిర్యాదు రాసిచ్చింది.

అధికారులు వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. తనూ వెంట వెళ్ళింది. షెడ్డు ఖాళీ. ఇనప కాళ్ళు దిగబడిన గుంటలు వరసగా నేల మీద ఉన్నాయి. టైర్ల కొట్టువాళ్ళు, ముందు రోజే లారీలో ఎక్కించాడు, ఎటో తెలీదన్నారు. ఆయన ఫోను మళ్ళీ మోగలేదు. ఆమె చేసినా కలవలేదు.

మంచి చేసిందో, ఆ తల్లులు బయటపడ్డానికి ఉన్న ఒక్క దారీ మూసేసిందో ఆమెకు ఇప్పటికీ తేలలేదు. ఎవరైనా కుక్కపిల్లల మాటెత్తితే, తల్లిని చూశారా అని అడుగుతుంది. కొందరు కూర్చుని వింటారు. ఎక్కువమంది కర్టెన్ల రంగు ఎంచుకుని వెళ్ళిపోతారు.