చెప్పుకోలేని అవసరత

మా కుట్టుమిషను అత్తయ్యగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం, నేను బళ్ళో రెండో తరగతి పిల్లలకి గుణింతం రాస్తుండగా ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "పిన్నిగారూ, అత్తయ్య వెళ్ళిపోయారండి" అని, ఇంక మాట్లాడలేక పెట్టేసింది. ఎదురుచూస్తున్న కబురే. బోర్డు మీద ఇంకా రెండక్షరాలు మిగిలాయి. అవి కూడా రాసి అప్పుడు బయటికొచ్చాను. ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు వెళ్ళే దారిలో మా చర్చి ఉంది. దాని వెనక సందులో మూడో ఇల్లు ఆవిడది. వీధిగదిలో కిటికీ పక్కన మిషను, దాని ముందు ఎత్తు స్టూలు. పుట్టింది కొల్లేటి లంకలో. పెళ్ళయి ఇక్కడికొచ్చి, మిషనరీలు నడిపే కుట్టుపని బడిలో నేర్చుకుని, భర్త పోయాక ఆ పనితోనే కొడుకుని పెంచుకున్నారు. గణపవరం, అత్తిలి నుంచి కూడా ఆడవాళ్ళు జాకెట్లు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో సగం మంది ఆవిణ్ణి అత్తయ్యగారనే పిలిచేవాళ్ళం, ఏ వరసో ఎవరూ అడగలేదు.

కొలతల పుస్తకంలో ఆవిడ ఎవరి పేరూ రాసేవారు కాదు. ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు వేసుకునేవారు. ఎండాకాలం వానాకాలం గొడుగు వదలను కాబట్టి నాది గొడుగు. ఎవరైనా పుస్తకం తిరగేస్తే ఎవరి నడుము ఎంతో తెలియకూడదు, అదీ సంగతి. లావైన వాళ్ళని లావయ్యారనేవారు కాదు. "లోపల రెండంగుళాలు మడత వదిలానమ్మా, కావలసినప్పుడు విప్పుకోండి" అనేవారు. నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు, నా జాకెట్లన్నీ ఆ మడతల పుణ్యమా అని పదేళ్ళు బతికాయి. ఎవరైనా పక్కింటావిడ ఒంటి సంగతి ఎత్తితే నోట్లో సూది పెట్టుకున్నట్టు ఊరుకుని, వాళ్ళు వెళ్ళాక, "ఒంటి సంగతి వీధికెక్కకూడదమ్మా" అనేవారు. మేమంతా ఆ మాటని మెచ్చుకున్నాం. నేను మరీ ఎక్కువ మెచ్చుకున్నాను.

ఇక్కడ మా చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి శుక్రవారం మా స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థనకి కూర్చుంటుంది. ఎవరికి ఏ కష్టముంటే అది చెబుతారు, నేను పుస్తకంలో రాస్తాను, అందరం ప్రార్థిస్తాం. పిల్లవాడి ఉద్యోగం, మామగారి పక్షవాతం, చేపల చెరువులో మందు వికటించడం, ఏదైనా సరే. నోటితో చెప్పలేనిదైతే లేచి, "చెప్పుకోలేని అవసరత" అంటే చాలు. నేను అదే రాసుకుంటాను. అదేమిటని అడగకూడదు. అది మా మర్యాద. మా అమ్మ కాలం నుంచీ వస్తున్న మర్యాద.

రెండేళ్ళ కిందట, వానలు మొదలైన రోజుల్లో, అత్తయ్యగారు మొదటిసారి లేచి ఆ మాట అన్నారు. ఆ వారం రాశాను. పై వారం రాశాను. ఎనిమిది నెలలు, ఒక్క శుక్రవారం తప్పకుండా, నా గుండ్రటి అక్షరాలతో రాశాను. కొడుక్కీ కోడలికీ పడట్లేదేమో అనుకున్నాం. పాటలు ఎత్తే ఆవిడ నా చెవిలో అదే అన్నారు, నేనూ తలాడించాను. మోకాళ్ళ మీద ఉండి మనస్ఫూర్తిగానే ప్రార్థించాం, అందులో అబద్ధం లేదు. కానీ మాలో ఎవరమూ ఆవిణ్ణి పక్కకి పిలిచి, ఏమైందండీ అని అడగలేదు.

కళ్ళుంటే కనబడేది. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారపు ఆదివారం మేమంతా తెల్లచీరల్లో వస్తాం. ఆవిడ ముదురు నేరేడు రంగు చీరలో వచ్చారు. అడిగితే తెల్లది ఆరలేదన్నారు. పై నెలా ఆరలేదు. వారానికి నాలుగుసార్లు కందకూర వండించుకునేవారు. కంద మొలలకి మంచిదని ఎవరో చెప్పారట, మాకేం తెలుసు, ఇష్టమనుకున్నాం. తన బట్టలు కోడలిని ఉతకనిచ్చేవారు కాదు. ఆ పిల్ల, అత్తయ్యకి తన మీద కోపమొచ్చిందని ఏడ్చింది. ఒకరోజు వెళ్ళేసరికి ఆవిడ తన జాకెట్టే విప్పి లోపలికి బిగించుకుంటున్నారు. నేను నవ్వి, "సన్నబడుతున్నారు అత్తయ్యగారూ, ఆ కిటుకేదో మాకూ చెప్పండి" అన్నాను. ఆవిడా నవ్వారు.

స్టూలు మీద కొత్తగా ఒక దిండు కనబడింది. మా జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ కలిపి గుండ్రంగా కుట్టుకున్నారు. మధ్యలో చిల్లు. రాణిగారి సింహాసనమా అని వేళాకోళం చేశాను. చిల్లు ఎందుకని అడగలేదు. ఈ రెండు వేళాకోళాలూ నన్ను పీక్కుతింటున్నాయి, ఇంకా చాలాకాలం తింటాయి.

అసలు సంగతి ఆసుపత్రిలో తెలిసింది. మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోతే, ఆవిడ కొడుకు, కోడలు, నేను కలిసి ఏలూరు తీసుకెళ్ళాం. ఒంట్లో రక్తం సగం కూడా లేదన్నారు. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కొడుకుని బయటికి పంపి, తలుపు వేసి అడిగింది. అప్పుడు బయటపడింది. దొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం. మొదట్లో చుక్కలు, తరవాత మలంలో కలిసి. వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టుండటం. కూర్చుంటే నొప్పి. స్టేషను దగ్గర మొలలు మాన్పుతామని బోర్డు పెట్టుకున్నవాడొకడు, చెయ్యి కూడా వేసి చూడకుండా పొడులూ పూతమందూ ఇచ్చాడట. ఆవిడకి అదే నయమనిపించింది. చూపించుకోనక్కర్లేదు కదా.

"ఎన్నాళ్ళనుంచి అమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఎనిమిది నెలలండి."

"ఇంతకాలం ఎవరికీ చెప్పలేదా?"

"ప్రార్థనలో చెప్పానండి" అన్నారు అత్తయ్యగారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా సంచిలో ఆ పుస్తకం ఉంది.

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చేసింది. రెండు నిమిషాలు పట్టింది. ఎనిమిది నెలలు భయపడింది ఆ రెండు నిమిషాలకే. తరవాత కెమెరా గొట్టంతో చూశారు, ముక్క పరీక్షకి పంపారు. మొలలూ ఉన్నాయండి, వాటికి పైన గడ్డా ఉందండి అన్నారు. కాన్సరు. అప్పటికే లివరుకి పాకింది.

తిరిగొచ్చే ముందు నేను డాక్టరమ్మని పట్టుకుని గట్టిగానే అడిగాను, మాలాంటివాళ్ళకి ఎలా తెలుస్తుందని. విసుక్కోకుండా చెప్పింది. అప్పట్నుంచీ నేను అందరికీ అప్పజెబుతున్నాను, మీకూ చెబుతాను. రక్తం పడిన ప్రతివాళ్ళకీ కాన్సరు ఉండదు. చాలామందికి మొలలో, మలద్వారం దగ్గర చీలికో అయ్యుంటుంది, వాటికి మందులున్నాయి. కానీ ఏదన్నది చూసి తేల్చాలి, ఇంట్లో కూర్చుని ఊహించుకోకూడదు. మొలలున్నవాళ్ళకి వేరే జబ్బు రాకూడదని రాసిపెట్టి లేదు. రక్తం మళ్ళీ మళ్ళీ పడుతున్నా, రెండు మూడు వారాలకీ నొప్పి తగ్గకపోయినా, మలం తీరు మారినా, ఊరికే చిక్కిపోతున్నా, ఆయాసం, నీరసం వస్తున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు కాన్సరు వచ్చి ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రక్తం ధారగా పోయి ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, కళ్ళు తిరిగినా మర్నాడు అనుకోకూడదు, ఆ పూటే వెళ్ళాలి. సిగ్గు మనకే గాని డాక్టరుకి ఉండదు. ఈ చివరి మాట డాక్టరమ్మది కాదు, నాది.

తరవాత ఏడాది పైచిలుకు బతికారు. దాన్ని బతుకంటే ఆవిడ ఒప్పుకునేవారో లేదో. మలం పోవడానికి పొట్ట పక్కన దారి పెట్టి సంచి తగిలించారు. ఇంజెక్షన్ల తరవాత వేళ్ళు మొద్దుబారి సూదిలో దారం ఎక్కించలేకపోయేవారు, కోడలు ఎక్కించి ఇచ్చేది. ఆ వేళ్ళతోనే ఆ సంచికి మెత్తటి నూలుగుడ్డ తొడుగు కుట్టుకున్నారు, చీర కింద చప్పుడు కాకుండా. వార్డులో పక్కమంచం ఆవిడ చూసి తనకూ కావాలంది. అలా ఇరవై దాకా కుట్టిచ్చారు. ప్రతిదానికీ లోపల మడత వదిలారు. ఒళ్ళు వస్తే వదులు చేసుకోవద్దూ అన్నారు. వాళ్ళలో ఎవరికీ ఒళ్ళు రాదని ఆవిడకి తెలుసు.

చివరి చలికాలంలో ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచారు. "ఒంటి సంగతి వీధికెక్కకూడదని అనేదాన్ని కదమ్మా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దేవుడికి మనం చెప్పకపోయినా తెలుసు. డాక్టరుకి చెబితేనే తెలుస్తుంది. శుక్రవారం నా అవసరత పేరు పెట్టి చదువు" అన్నారు. నేను తల దించుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రాశావు కదమ్మా, అదే పదివేలు" అన్నారు. ఆ ఓదార్పుకి నేను తగను. కానీ పుచ్చుకున్నాను.

చదివాను. మలద్వారం నుంచి రక్తం, నొప్పి, కాన్సరు, ఆ మాటలన్నీ ప్రార్థన గదిలో పైకి చదివాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ చదివాను. ఇద్దరు ముసలమ్మలు కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఆ వారంలోనే ముగ్గురు, చీకటి దొంగల్లా ఒకరికి తెలియకుండా ఒకరు, మా ఇంటికొచ్చారు. ముగ్గురినీ ఏలూరు తీసుకెళ్ళాను. ఒకరికి మొలలు, ఒకరికి చీలిక. మూడో ఆవిడకి పేగులో చిన్న కండ మొలిచి ఉంది, ముదరకముందే తీసేశారు. ఆ కబురు విని అత్తయ్యగారు పడుకునే దణ్ణం పెట్టారు. తాను మాత్రం వేసవి దాటలేదు.

పెద్దకర్మ అంటూ మాకు లేదు గాని, స్మారక కూటం అయ్యాక కోడలు ఆ దిండు నా చేతిలో పెట్టింది. మీ దగ్గరుంటే బాగుంటుందండి అంది. తిప్పి చూసుకున్నాను. నా ఆకుపచ్చ పట్టుముక్క, మా ఆడపడుచు గళ్ళముక్క, సమాజంలో ప్రతి ఒక్కరిదీ ఒక్కో ముక్క. ఆవిడ నొప్పితో కూర్చున్నన్నాళ్ళూ మా అందరి మీదే కూర్చున్నారు.

నిన్న శుక్రవారం కూటానికి వెళ్ళాను. పాటలు ఎత్తే ఆవిడ, ఎప్పుడూ ముందు వరసలో కుర్చీ వేసుకుని కంజిర కొట్టే మనిషి, గోడకి ఆనుకుని నిలబడి పాడారు. కుర్చీ ఖాళీగా ఉంది. నేను ఆ మాటలన్నీ పైకి చదివిన రోజున కూడా ఆవిడ ముందు వరసలోనే ఉన్నారు. అవసరతల దగ్గర, "నాది చెప్పుకోలేనిదండి" అన్నారు. నా కలం కదల్లేదు.

ఆవిణ్ణి ఆగమని, అందరూ వెళ్ళాక, సంచిలోంచి దిండు తీసి ఆ కుర్చీలో పెట్టాను. ఆవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టాను. నెమ్మదిగా, ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు. అంచున ఉన్న నీలం ముక్కని వేలితో తడిమి, ఇది నా జాకెట్టుదేనండి అన్నారు.

"ఎన్నాళ్ళనుంచండీ?" అని అడిగాను.

ఆ నీలం ముక్క మీద కుట్టు వెంబడే ఆవిడ వేలు చిల్లు దాకా వెళ్ళి ఆగింది.

"క్రిస్మస్ ముందునుంచండి" అన్నారు.