రోట్లో పడిన నిచ్చెన గుర్తు

యాడికి అనే పెద్ద ఊరి పక్కనున్న ఒక పల్లెలో పిండి పోసుకునే గంప కావాలన్నా, బొరుగులు దాచుకునే బుట్ట కావాలన్నా అందరూ ఆంజినమ్మ ఇంటికే వచ్చేవాళ్లు. ఆమె వెదురు ముట్టేది కాదు, ఈతాకు అల్లేది కాదు. ఎవరికీ పనికిరాని కాగితం ఆమెకు పనికొచ్చేది. చిరిగిన నోటుపుస్తకాలు, సబ్బు పెట్టెలు, మందుల అట్టలు, అంగట్లో పొట్లాలు కట్టిన పేపర్లు, గోడల మీద ఎండకు వెలిసిపోయిన సినిమా బొమ్మలు, ఏవైనా సరే గోనెసంచిలో వేసుకొని తెచ్చేది. తొట్టిలో నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచేది. ముద్ద మెత్తగా సాగేదాకా దంచి, కడవను బోర్లించి, దాని మీద బూడిద రాసి, ముద్దను అరచేత్తో తట్టుతూ చుట్టూ అంటించేది. ఆరినాక కడవ మీద నుంచి ఊడదీస్తే అదే గంప. పైన పాత చీర పేలిక ఒకటి చింతపిక్కల జిగురుతో అతికిస్తే చూడ్డానికి కూడా బాగుండేది. మెంతుల చేదుకు పురుగు పట్టదు. కరువు ముదిరి ఇళ్లల్లో ఇత్తడి గుండిగలు తాడిపత్రి అంగళ్లకు పోయినాక, చాలామందికి ఆంజినమ్మ గంపలే మిగిలినాయి.

బోరింగు దగ్గర మాత్రం ఆమెకు రోజూ మాటలు పడేవి. తాగడానికే నీళ్లు లేకుంటే కాగితాలకు దప్పిక తీరుస్తావా అనేవాళ్లు. ఆమె నవ్వి, తన వంతు వచ్చేదాకా పక్కన కూచునేది.

దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరునూ, పసుపు రాసిన పెండ్లి పత్రికనూ, ఎవరికైనా ఇంకా అక్కరకొచ్చే కాగితాన్నీ ఆమె దంచేది కాదు. బొమ్మలైతే ఆమె కంటికి తెలుస్తాయి. అక్షరాలు తెలియవు. అందుకని ఎవరో ఒకరిని బతిమాలి చదివించుకునేది.

ఊరు రెండు పార్టీలు. నరసింహప్ప ఇంట్లో నీళ్లు తాగినవాడు రంగన్న వీధిలో అడుగుపెట్టాలంటే ఆలోచించేవాడు. ఆంజినమ్మ ఒక్కతే సంచి భుజాన వేసుకొని రెండు వీధుల్లోనూ తిరిగేది. ఏ వాకిట్లోనూ ఆమెను ఆపినవాళ్లు లేరు. మొగుడు పోయినాక ఆమె పొయ్యి వెలిగింది ఆ తెరిచిన వాకిళ్ల వల్లనే.

ఆ ఇంటికి సుంకమ్మ వచ్చింది. ఆంజినమ్మ చెల్లెలి కూతురు. వానలు పడక శనక్కాయ విత్తనం కూడా చేతికి రాని ఏడు, అమ్మా నాయనా బళ్లారి పక్క కాలువ పనులకు పోతూ, తొమ్మిదో తరగతి మధ్యలో ఆపించి పిల్లను పెద్దమ్మ దగ్గర వదిలిపెట్టినారు. సుంకమ్మ నలుగురిలో నోరు తెరిచే రకం కాదు. చదవడం మాత్రం నీళ్లు తాగినట్టు చదివేది. పొద్దున రోటి దగ్గర ఇద్దరూ కూచొని కాగితాలు ఏరేటప్పుడు ఆంజినమ్మ ఒక్కొక్కటీ అందిస్తే, సుంకమ్మ చిన్న గొంతుతో చదివి చెప్పేది. అది మందు చీటీనో, బస్సు టిక్కెట్టో, ఎరువుల బస్తాలో వచ్చిన కాగితమో, ఏదైనా ఆంజినమ్మకు కథ విన్నట్టుండేది. మా సుంకి తొమ్మిదో తరగతి అని పోయిన ప్రతి ఇంట్లోనూ చెప్పేది.

ఆ మాట విన్న ప్రతిసారీ సుంకమ్మకు భూమిలోకి పోవాలనిపించేది. భుజాన గోనెసంచి, అందులో ఊరి చెత్త. దాని పక్కన ఆ తొమ్మిదో తరగతి. అన్నిటికంటే ఎక్కువ భయం లక్ష్మీదేవమ్మ ఎదురొస్తుందని. నరసింహప్ప కూతురు ఆ పిల్ల. యాడికి హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. తెలుగు పరీక్ష వస్తే లక్ష్మీదేవమ్మ మెడ సుంకమ్మ కాగితం వైపే తిరిగి ఉండేది. ఇప్పుడు ఆ పిల్ల రెండు జడలు వేసుకొని, పుస్తకాలు గుండెకు పట్టుకొని బస్సు కోసం నిలబడితే, సుంకమ్మ సంచీని వెనక్కు పెట్టుకొని గోడ చాటుకు పోయేది.

సర్పంచి ఎలక్షన్లు వచ్చినాయి. నరసింహప్పకు నిచ్చెన గుర్తు, రంగన్నకు లాంతరు గుర్తు. గుత్తిలో అచ్చు వేయించిన పోస్టర్లు గోడలకెక్కినాయి. నరసింహప్ప మనుషులు బస్సు ఆగే చోట పాత గిడ్డంగి గోడ పొడవునా అంటించినారు. దాని మీద అప్పటికే సినిమా పోస్టర్లూ, సర్కసు పోస్టర్లూ ఒకదాని మీద ఒకటి పేరుకొని అట్టలాగా మందంగా ఉన్నాయి.

ఆ మందం చూసి ఆంజినమ్మ కండ్లు ఆ గోడ మీద పడినాయి. ఒకరోజు పొద్దున్నే సంచి తీసుకొని, సుంకమ్మను వెంటబెట్టుకొని పోయింది. ఒక మూల పట్టి లాగితే పెచ్చు పెచ్చుగా ఊడి వచ్చింది. పైనున్న నరసింహప్ప బొమ్మ పోయిన ఎలక్షన్లదో ఈసారిదో తెలియక ఆమె చేయి ఆపి, ఆ కాగితం చూపించి అడిగింది.

"చూడే సుంకీ, ఇది అయిపోయిందేనా? ఎవరికన్నా పనికొచ్చేదేమో."

అదే సమయానికి సందు మలుపులో రెండు జడలు కనబడినాయి. సుంకమ్మ గోడ వైపు చూడలేదు. చూసింది ఆ మలుపు వైపే.

"అయిపోయిందే పెద్దమ్మా. బిరీన లాగు, పోదాం."

ఆంజినమ్మ రెండు చేతులా లాగింది. సుంకమ్మ తల ఎత్తకుండా సంచిలో కుక్కింది. లక్ష్మీదేవమ్మ వచ్చేటప్పటికి వాళ్లు గిడ్డంగి వెనక నుంచి ఇంటిదారి పట్టినారు. సంచి బరువుగా ఉందని ఆంజినమ్మ దారి పొడుగునా సంబరపడింది. ఇంటికి పోయి ఏరకుండానే మొత్తం తొట్టిలో వేసేసింది, పిల్ల చూసిందే కదా అని. ముందు నానిన కొంత మధ్యాహ్నానికే రోట్లో పడింది.

సాయంత్రం బస్సు వచ్చి పోయినాక వీధిలో అడుగుల చప్పుడైంది. నరసింహప్ప బామ్మర్ది తిప్పయ్య ముందు, ఆయన వెనక పదిమంది. తిప్పయ్య ఎవరినీ పలకరించకుండా తొట్టి దగ్గరికి పోయి చేయి ముంచి ఒక కాగితం పైకి తీసినాడు. నీళ్లు కారుతూ నరసింహప్ప సగం ముఖం, పక్కన నిచ్చెన.

సుంకమ్మ అప్పుడు చూసింది దాన్ని. పొద్దున చూడాల్సింది అప్పుడు చూసింది.

"ఎవరు చించమన్నారక్కా నిన్ను?" అన్నాడు తిప్పయ్య.

"ఎవరు చెప్తారప్పా. అయిపోయినవనుకున్న్యా. నాకు అచ్చరాలు యాడొస్తాయి."

"నీకు రావు. ఈ పాపకొస్తాయి కదా? తొమ్మిదో తరగతని ఊరంతా టముకు ఏసినావు. చదివినదాన్ని పక్కన నిలబెట్టుకొని చించి, తెలీక చించినానంటే ఎవరు నమ్ముతారు? రంగన్న వీధిలో ఒక్క కాగితమన్నా పోయిందా?"

రంగన్న వీధి గోడలు చాలా ఎత్తు, ఆంజినమ్మ చేతికి అందవు. ఆ సంగతి చెప్పినా వినేవాళ్లు లేరు. పైగా దూరంగా నిలబడిన రంగన్న మనిషి ఒకడు, మంచి పని చేసినావత్తా, రేపు రా, మా ఇంట్లో కాగితాలన్నీ నీకే అని అరిచినాడు. కొందరు నవ్వినారు. ఆ మెప్పుతో ఆంజినమ్మ ముఖం పాలిపోయింది. తిప్పయ్య తిట్టినప్పుడు కూడా ఆమె అంత బెదరలేదు. రంగన్న మనిషి అన్న ముద్ర పడితే సగం ఊరి తలుపులు మూసుకుంటాయి. ఇక ఆ తలుపులు తెరుచుకోవు.

ఆమె సుంకమ్మ వైపు ఒక్కసారి చూసింది. ఈ పిల్లే అయిపోయిందని చెప్పింది అన్న మాట ఆమె నాలుక మీదే ఉండి ఉంటుంది. అనలేదు.

"పాపదేం లేదప్పా. చేసిందంతా నేనే," అంది.

నిజం చెప్పాలా అని సుంకమ్మ ఆలోచించింది. చూడకుండా చెప్పినానని చెప్పొచ్చు. ఎందుకు చూడలేదంటే? తిప్పయ్య మేనకోడలికి ఈ సంచితో కనబడకూడదనుకున్నానని, ఇంతమందిలో, ఆ పిల్ల ముందరే చెప్పాలి. లక్ష్మీదేవమ్మ పుస్తకాలతో అక్కడే, గుంపు అంచున నిలబడి ఉంది. అది చెప్పినా నమ్మేవాళ్లు ఎవరు? చదువొచ్చిన పిల్ల కండ్ల ముందున్న గుర్తు చూడలేదంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు. పెద్దమ్మను ఇందులో నుంచి బయట పడేసే దారి ఒక్కటే కనబడింది.

"నాకు చదవను రాదు," అంది సుంకమ్మ.

ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది.

తిప్పయ్య జేబులో నుంచి కొత్త కరపత్రం ఒకటి తీసి ఆమె ముఖం ముందు పట్టినాడు. చదువు అన్నాడు. మన ఊరు బాగుపడాలంటే నిచ్చెన గుర్తుకే మీ ఓటు. ఆ వరుస మొత్తం ఒక్క చూపులో లోపలికి పోయింది. పోయినదాన్ని పోనట్టు పెట్టడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. వేలు పెట్టి, "మ... న..." అంది. ఆగింది. "ఊ... ఊడ..." అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్నేండ్లు బడికి పోయి రెండచ్చరాలు మూట కట్టుకొచ్చిందప్పా అని ఒక ముసలాయన అంటే గుంపు మొత్తం నవ్వింది. ఆంజినమ్మ నవ్వలేదు. రోజూ ఆ గొంతు గలగలా చదవడం వినే మనిషి. తలవంచుకొని తొట్టిలో నీళ్లను చూస్తూ ఉండిపోయింది.

తిప్పయ్యకు ఇంకా అనుమానం తీరలేదు. మేనకోడలి వైపు తిరిగినాడు.

"ఏం పాపా, నీ బళ్లోదే కదా ఇది. చదువొస్తుందా దీనికి?"

లక్ష్మీదేవమ్మ సుంకమ్మను చూసింది. ఆ చూపులో ఏముందో సుంకమ్మ ఎన్నిసార్లు తలుచుకున్నా తేల్చుకోలేకపోయింది.

"రాదు మామా. నా దాంట్లో చూసి రాసేది."

గుంపు మరోసారి నవ్వి సడలిపోయింది. దీన్ని నమ్ముకొని కాగితాలు ఏరుకుంటాండావా అక్కా అని తిప్పయ్య కూడా నవ్వినాడు. చించిన చోట కొత్తవి నువ్వే అంటించాలని చెప్పి పోయినాడు. చీకటి పడకముందే ఆంజినమ్మ గంపలకని కాచిన చింతపిక్కల జిగురు కుండ ఎత్తుకొని గిడ్డంగి గోడ దగ్గరికి పోయింది. సుంకమ్మ పోస్టర్లు అందించింది. చుట్టూ మనుషులున్నారు కాబట్టి మొదటిదాన్ని తలకిందులుగా అందించాలని గుర్తు పెట్టుకొని మరీ అందించింది. ఎవరో కేకేసి తిప్పించినారు.

ఇంటికొచ్చినాక ఆంజినమ్మ సంగటి పెట్టింది. సుంకమ్మ రెండు ముద్దలకే చేయి కడుక్కుంది.

"నాదే తప్పు పెద్దమ్మా. నేను గోడ చూడలేదు."

"తెలుసు," అంది ఆంజినమ్మ. "నేను చదువుకోలేదని ఎప్పుడూ సిగ్గుపడలే. ఈ పొద్దు నువ్వు రానట్టు చదువుతాంటే పడినా."

మరుసటి పొద్దున కాగితాలు ఏరేటప్పుడు ఆమె ఒకటి చేతిలో పట్టుకొని, అందించాలో వద్దో తెలియనట్టు ఆగింది. సుంకమ్మ తానే తీసుకొని, వాకిలి తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఇంకా చిన్న గొంతుతో చదివింది. ఆ తర్వాత ఆంజినమ్మ ఏ ఇంట్లోనూ తొమ్మిదో తరగతి మాట ఎత్తలేదు. వీధిలో పిల్లలు మాత్రం సుంకమ్మ కనబడితే "మ... న..." అని నత్తిగా అనేవాళ్లు.

నరసింహప్ప గెలిచినాడు. రెండు పార్టీల కాగితాలూ ఆంజినమ్మ రోటికే వచ్చినాయి. ఏ తలుపూ మూసుకోలేదు. ఒకరోజు ఆమెకు జ్వరమొచ్చి, సుంకమ్మ ఒక్కతే సంచి తీసుకొని నరసింహప్ప ఇంటికి పోయింది. ఆయన భార్య భద్రమ్మ ఒక కట్ట తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆమెకూ అక్షరాలు రావు. లోపలున్న కూతురిని పిలిచింది.

"లక్ష్మీదేవీ, ఈ పాపకు చదువు రాదు కదా. ఏది దంచొచ్చో ఏది దంచకూడదో నువ్వు చదివి చెప్పు."

లక్ష్మీదేవమ్మ వచ్చి ఎదురుగా కూచుంది. తల ఎత్తలేదు. ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టింది. సబ్బు పెట్టె, సినిమా కాగితం, పాత ఎలక్షన్ చీటీలు. వ్యవసాయం ఆఫీసు నుంచి వచ్చిన కాగితం దగ్గర ఆగిపోయింది. "సస్... సస్య..." అని మళ్లీ మొదటికొచ్చింది. సస్యరక్షణ. అటువైపు నుంచి తలకిందులుగా కనబడుతున్నా సుంకమ్మకు ఆ మాట తెలుస్తూనే ఉంది. పెదవులు కదలకుండా పళ్లతో పట్టుకుంది.

"ఏదో శనక్కాయల సంగతి. దంచొచ్చు," అంది లక్ష్మీదేవమ్మ చివరికి, ఎర్రబడిన ముఖంతో.

"చూసినావా, మా పాప ఎట్ల చదువుతుందో," అంది భద్రమ్మ.

ఊ అని, సుంకమ్మ ఆ కాగితం అందుకొని సంచిలో వేసుకుంది.