సార్ ఇంకా చెప్పలేదమ్మా

రాహేలమ్మ పసిపిల్లల్ని అడగకుండా ఏ పనీ చేయదు. అడిగి ఊరుకోదు కూడా, జవాబు వచ్చేదాకా కదలదు. మదనపల్లెలో ఆమె ఆయాగా పనిచేసే డే కేర్‌లో ఏడాది నిండనివాళ్లంతా ఆమెకు 'సార్'లు, 'మేడమ్'లు.

"సార్, డైపర్ తడిసినట్టుండాది. మారుస్తామా?" అని వంగి నిలబడుతుంది. సార్ గాల్లో ఓ తన్ను తన్నేదాకా చేయి వేయదు.

డే కేర్ నడిపే ఉష తల పట్టుకునేది. "ఒక్క డైపర్‌కు అరగంటా రాహేలమ్మా?"

"ఉండమ్మా. సార్ ఇంకా ఏమీ చెప్పలే."

ఒకసారి ఓ మేడమ్ క్యారెట్ గుజ్జంతా ఆమె ముఖానే ఉమ్మింది. రాహేలమ్మ కొంగుతో తుడుచుకుని, "వద్దంటాండారు" అని వినయంగా గిన్నె పక్కన పెట్టేసింది.

హరిత పక్కనే ఉన్న అంగళ్లు ఊళ్లో కాలేజీలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే పది నెలల కొడుకు భానుప్రకాశ్‌ను దింపడానికొచ్చి ఈ దర్బారు చూసి నవ్వుకునేది. ఆలస్యమైతే మాత్రం, "వాడికేం తెలుసు రాహేలమ్మా, పట్టుకో!" అని చేతుల్లో పెట్టి పరుగెత్తేది. కొడుకంటే మహా గర్వం. "మావాడు బంగారం. కుక్కర్ కూసినా ఉలిక్కిపడడు" అని అందరికీ చెప్పుకునేది.

ఓ ఆదివారం రాహేలమ్మ చర్చి నుంచి నేరుగా హరిత ఇంటికొచ్చింది. కాఫీ తాగింది. ఎండల గురించి మాట్లాడింది. పాస్టరుగారి మోకాలినొప్పి గురించీ మాట్లాడింది. చివరికి గొంతు తగ్గించింది.

"తప్పుగా అనుకోబాకమ్మా. ఎదురుగా నిలబడి అడిగితే సార్ బదులిస్తాండారు. ఎనకనుంచి అడిగితే ఇయ్యడం లే. పది దినాలుగా సూస్తాండా. ఒకసారి చెవులు సూపించు. ఇంకెవురికీ చెప్పలే, నీకే చెప్తాండా."

హరిత మర్నాడే సెలవు పెట్టి భానును ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. జలుబు ముదిరి చెవుల్లో నీరు చేరిందనీ, వైద్యంతో తగ్గిపోతుందనీ డాక్టర్ చెప్పాడు. "అయినా ఇంత తొందరగా ఎట్లా కనిపెట్టినారమ్మా?"

"మా ఆయమ్మ జవాబు కోసం కాచుకుంటుంది సార్" అంది హరిత. తను ఒక్కరోజూ అలా ఆగలేదని అప్పుడు తోచి సిగ్గుపడింది.

రెండు నెలలకు భాను చెవులు బాగుపడ్డాయి. ఆ రోజు సాయంత్రం హరిత దారంతా కృతజ్ఞతలు వల్లెవేసుకుంటూ డే కేర్‌కు వచ్చింది. భాను గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఆడుకుంటున్నాడు, పక్కనే రాహేలమ్మ దుప్పట్లు మడుస్తోంది.

"రాహేలమ్మా, నువ్వే లేకుంటే మావాడు..." అని హరిత గుమ్మంలోనే మొదలుపెట్టింది.

ఆ మాట వినగానే భాను గిరుక్కున తల తిప్పి, చేతులూపుతూ అందుకున్నాడు. "బబ్బబ్బబ్బా! గా! బబ్బా!"

"అది కాదు రాహేలమ్మా, నేను చెప్పేదేమంటే..."

రాహేలమ్మ వేలెత్తి ఆపింది.

"సార్ మాట్లాడతాండారు. మధ్యలో రాబాకమ్మా."

హరిత నోరు మూసుకుని చాప మీద ఓ మూల కూర్చుంది. ప్రసంగం చాలాసేపు సాగింది.